గాలిలో రిజిస్టరు

ఏసుపాదం ముందుగా బొటనవేలు నాలుకకు తాకిస్తాడు. ఆ వేలితో గాలిలో ఒక పేజీ తిప్పుతాడు. తల కాస్త వెనక్కి వాల్చి, ఎవరికీ కనిపించని గీతల మధ్య పేరు వెతుకుతాడు. దొరకగానే చదివేస్తాడు.

"వీర్ల ఈశ్వరరావు. కెమిస్ట్రీ. బొటాబొటీ పాసు."

బందరులో పెద్దమనుషులందరికీ ఆయనంటే హడల్. ముప్పై నాలుగేళ్లు జూనియర్ కాలేజీలో అటెండరు. ఫలితాల కాగితం నోటీసు బోర్డుకు అంటించింది ఆయనే, రిజిస్టర్లు మోసింది ఆయనే. రిటైరై పదకొండేళ్లయింది. రిజిస్టర్లు కాలేజీ బీరువాలో ఉండిపోయాయి. మార్కులు మాత్రం ఆయన వెంట ఇంటికొచ్చేశాయి.

ఈశ్వరరావు గారు ఇప్పుడు పేరున్న ప్లీడరు. ఆ మార్కులు చదివింది కోర్టు మెట్ల మీద, నలుగురు చూస్తుండగా.

"బాబాయ్, పార్టీలు నిలబడున్నారు," అన్నాడు ప్లీడరు గొంతు తగ్గించి.

"అందుకేగా చదివింది. ఈ మార్కులతో ఇన్ని కేసులు గెలిచావంటే వాళ్లకెంత ధైర్యం!"

ఆదివారం ఆరాధనలో పాస్టరు శామ్యూల్ రాజ్ గారు ఎప్పుడైనా ఒక ఇంగ్లీషు వాక్యం ఎత్తుకుంటే, రెండో వరుసలో బొటనవేలు లేస్తుంది. "ఇంగ్లీషు, ముప్పై ఐదు." పాస్టరు గారు వెంటనే తెలుగులోకి దిగిపోతారు.

అందరికంటే ఎక్కువ మాట పడింది డాక్టర్ రాజకుమారి గారు. కోనేరు సెంటర్ దగ్గర ఆవిడ ఆస్పత్రి. వరండా నిండా రోగులు ఉన్నప్పుడే ఏసుపాదం పేజీ తిప్పుతాడు. "ఈ డాక్టరమ్మ జువాలజీ తప్పింది. కప్పను గీయమంటే బీరకాయ గీసింది."

"బీపీ పట్టీ కట్టేది నేనేనండీ. గట్టిగా బిగిస్తాను," అనేది ఆవిడ లోపలి నుంచి.

"నిజంగా తప్పారా డాక్టరుగారూ?" అని ఎవరో ఒకరు అడిగేవారు.

"నిజమేనండీ. సెప్టెంబరులో గట్టెక్కాను."

ఏసుపాదం ఇంటికి ఎదురిల్లే దీవెన వాళ్లది. చిన్నప్పటి నుంచి ఈ మార్కులన్నీ వింటూ పెరిగింది. ఒకసారి అరుగు మీద కూర్చుని అడిగింది.

"తాతయ్యా, మా నాన్నకెంత?"

బొటనవేలు నాలుక దాకా వెళ్లి ఆగిపోయింది.

"ఆ ఏడాది రిజిస్టరు చెదలు తినేశాయమ్మా."

దీవెన నాన్న సుధీర్ ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. తను చదువులో ఏనాడూ వెనకబడలేదని కూతురికి తరచూ చెబుతాడు. ఇంటర్ అవగానే ఆమెను గుడివాడ హాస్టల్లో లాంగ్ టర్మ్ కోచింగులో చేర్చాడు. మొదటి ఏడాది నీట్‌లో రెండు వందల తొంభై ఎనిమిది. మళ్లీ అదే హాస్టల్, అదే మంచం, అదే కిటికీ.

జూన్‌లో ఆ శనివారం మధ్యాహ్నం రెండో ఫలితం వచ్చింది. ఏడు వందల ఇరవైకి మూడు వందల పన్నెండు. ఏడాదికి పద్నాలుగు మార్కులు పెరిగాయి. సీటుకు చాలవు.

వాళ్ల చర్చి సంఘంలో ఒక ఆచారం ఉంది. సీటు వచ్చిన పిల్లల కుటుంబాలు ఆదివారం ఆరాధనలో ముందుకొచ్చి దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెబుతాయి. సుధీర్ గురువారమే పాస్టరు గారికి పేరు ఇచ్చేశాడు. ఫలితం రాకముందే ఇవ్వడమే విశ్వాసం అనుకున్నాడు. ఆరాధన క్రమం కాగితం అచ్చయిపోయింది. అందులో పాటకూ ప్రసంగానికీ మధ్య ఒక వరుస: కృతజ్ఞతా సాక్ష్యం, సుధీర్ కుటుంబం.

"ఇంకొక్క ఏడాది," అన్నాడు సుధీర్ తలుపు అవతల నిలబడి. "ఒక్క ఏడాదేనమ్మా."

దీవెన తలుపు తీయలేదు. వెళ్లనని చెప్పడానికి నోరు రాలేదు. వెళ్తానని చెప్పడానికి అసలే రాలేదు. తల్లి ప్రీతి పెట్టిన అన్నం గడప దగ్గరే చల్లారిపోయింది.

సాయంత్రం ఏసుపాదం వచ్చాడు.

"బీపీ చూపించుకోవాలి. తోడు రా."

"నాన్నను తీసుకెళ్లండి తాతయ్యా."

"మీ నాన్నతో వెళ్తే దారిలోనే పెరిగిపోద్ది."

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడు వినిపించింది.

ఆస్పత్రిలో ఆయన మామూలుగానే పేజీ తిప్పాడు, జువాలజీ తప్పించాడు, బీరకాయ గీయించాడు. ఆ తరువాత బరువు చూపించుకుంటానని నర్సు దగ్గరికి వెళ్లాడు. దీవెన కూర్చున్న డాక్టరమ్మ గదిలో ఫ్యాను గాలికి గోడ మీది కలంకారీ తెర పక్కకు తొలగింది. దాని వెనక ఒక ఫ్రేము. దీవెన చదివింది: జువాలజీ, జిల్లా ప్రథమ స్థానం, రాజకుమారి.

"మేడమ్, మీరు తప్పలేదు!"

డాక్టరమ్మ లేచి తెర సర్దింది. "నెమ్మది. ఈ తెర వేయించింది ఆయనే. ఫలితాల నెలలో తీయకూడదని ఆర్డరు."

"మరి ఎందుకు ఒప్పుకుంటారు?"

"నా బెంచీలో నాగలక్ష్మి అని ఒకమ్మాయి. జువాలజీ తప్పింది. నాలుగు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. ఈయన సైకిలు మీద పెడనలో వాళ్లింటికి వెళ్లి, మీ రాజకుమారి కూడా తప్పిందని చెప్పొచ్చాడు. ఆ పిల్ల నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, నిజమా అని అడిగింది. మొహం చూసి అవునన్నాను." ఆవిడ నవ్వింది. "అప్పటి నుంచి ఏటా తప్పుతూనే ఉన్నాను."

"ఆవిడ ఇప్పుడు?"

"పెడనలో కలంకారీ అచ్చుల షెడ్డు నడుపుతోంది. ఈ తెర తనదే."

"మరి ప్లీడరు గారు? పాస్టరు గారు?"

"ఆ సంగతి వాళ్లనే అడుగు. నాకు తెలిసింది ఒక్కటే. నిజంగా తప్పినవాళ్ల పేరు ఆయన నోట ఇంతవరకు వినలేదు."

దీవెనకు చెదలు తినేసిన రిజిస్టరు గుర్తొచ్చింది. ఇంటికి వచ్చి అన్నం పెట్టమని అడిగింది.

ఆదివారం పాట అయిపోయింది. పాస్టరు గారు కాగితం చూసి, ఆ వరుస దాటేయబోయారు. సుధీర్ తల వంచుకుని బూట్ల వైపు చూస్తున్నాడు. దీవెన లేచి ముందుకు నడిచింది. మైకు ఆమెకు కాస్త ఎత్తయింది.

"నాకు మూడు వందల పన్నెండు వచ్చాయి. సీటు రాదు. మళ్లీ గుడివాడ వెళ్లను. ఇక్కడే బీఎస్సీలో చేరతాను. నిన్న మధ్యాహ్నం అన్నం తినలేదు. రాత్రి తిన్నాను. అందుకు దేవునికి వందనాలు."

సుధీర్ లేచాడు. కూతురి పక్కకు వచ్చి నిలబడి, మైకు అందుకున్నాడు.

"నేను ఇంటర్ తప్పాను," అన్నాడు. "రెండుసార్లు. మా అమ్మాయికి ఎప్పుడూ చెప్పలేదు. ఈ సంగతి తెలిసినవాడు ఈ ఊళ్లో ఒక్కడే. ఆయనా చెప్పలేదు."

అందరూ రెండో వరుస వైపు తిరిగారు. ఏసుపాదం రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, బొటనవేళ్లు పిడికిళ్లలో దాచుకుని కూర్చున్నాడు.

పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. "నాకు ఇంగ్లీషులో ముప్పై ఐదు. అందరికీ తెలిసిందే." ప్రార్థన మందిరం నవ్వింది. సుధీర్ కూడా నవ్వాడు. కూతురి భుజం మీద వేసిన చెయ్యి మాత్రం తీయలేదు.

మర్నాడు పొద్దున్న దీవెన డిగ్రీ కాలేజీకి దరఖాస్తు కోసం బయల్దేరింది. సందు చివర టీ కొట్టు దగ్గర ఏసుపాదం ఒకావిడతో మాట్లాడుతున్నాడు. ఆవిడ పేరు చిట్టెమ్మ, పక్క వీధి. కూతురు సాయిదుర్గకూ శనివారమే ఫలితం వచ్చిందట, రెండు రోజులుగా మంచం దిగడం లేదట.

ఏసుపాదం బొటనవేలు తడుపుకుని కొత్త పేజీ తిప్పాడు.

"సుధీర్ కూతురు దీవెన. నీట్. ఏడు వందల ఇరవైకి డెబ్బై. అదిగో, ఎట్లా నడుచుకుంటూ వెళ్తుందో చూడు. కాలేజీలో చేరడానికే."

చిట్టెమ్మ గిరుక్కున తిరిగింది. "నిజమేనామ్మా? డెబ్బయ్యేనా?"

దీవెన ఆగింది. ఎండ అప్పుడే రోడ్డు మీదకు వస్తోంది. చిట్టెమ్మ మొహం చూసింది.

"డెబ్బై కూడా కాదండీ. అరవై ఎనిమిది. సాయిదుర్గను మా ఇంటికి పంపించండి, నేనే చెబుతాను."

ఏసుపాదం కళ్లు చిట్లించి, గాలిలో ఆ రెండు మార్కులూ కొట్టేసి, పక్కన దిద్దుబాటుకు పొట్టి సంతకం పెట్టాడు.