అబర్డీన్‌కి గంటా పదిహేను

మా తోరాల్ఫ్ ముందు ఏ ఊరి పేరూ ఎత్తకూడదు. ఎత్తామా, ఇక్కణ్ణుంచి అక్కడికి ఎన్ని కిలోమీటర్లో, విమానంలో ఎన్ని నిమిషాలో చెప్పేదాకా చెంచా నోటి దాకా వెళ్లనివ్వడు.

బెర్గెన్ రేవులో నాది చేపల సూపు దుకాణం. ముప్ఫై ఏళ్లు పడవల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన తోరాల్ఫ్, రోజూ వానలో తడుస్తూ వచ్చి మూల బల్ల దగ్గర కూర్చునేవాడు. పుస్తకం లేదు, ఫోను లేదు. కోపెన్‌హాగెన్ అంటే గంటా ఇరవై, ఆమ్‌స్టర్‌డామ్ అంటే గంటా నలభై. ఎవరైనా ఫోనులో సరిచూస్తే అక్షరాలా అంతే. ఇదంతా ఆ తలలో ఎలా పట్టిందా అని నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం. పొరపాటు ఒప్పుకోవడం మాత్రం చచ్చినా రాదు. ఓసారి విమానం ఆలస్యమైతే, తన లెక్క తప్పలేదనీ విమానమే తప్పిందనీ వాదించాడు.

మా వీధిలో ఒకాయన అంత్యక్రియలప్పుడు, కొడుకు ఎంతో దూరం లిస్బన్ నుంచి వచ్చాడని పాస్టర్ గారు కళ్లు తడి చేసుకుంటుంటే, వెనక బెంచీ నుంచి వినిపించింది: "రెండు వేల ఆరొందల కిలోమీటర్లేనండి. నాలుగ్గంటల లోపే."

ఇంతలో మా చెల్లెలు సిగ్రున్‌కి, అరవై ఏడో ఏట, సముద్రం అవతల అబర్డీన్‌లో ఫెర్గస్ అనే ఆయనతో పెళ్లి కుదిరింది. అక్క రాకపోతే పెళ్లే వద్దని కూర్చుంది. నేనా, పుట్టి బుద్ధెరిగి విమానం ఎక్కలేదు. ఒకప్పుడు అటువైపు ఓడ పోయేది, అదీ ఆగిపోయింది. ఒక దుప్పటి అల్లి పంపిస్తానులే అన్నాను తోరాల్ఫ్‌తో.

"ఐదొందల యాభై కిలోమీటర్లు, మార్గిట్. గంటా పదిహేను. పదింటికి ఎక్కితే అక్కడి గడియారంలో పదింపావుకి దిగుతావు. మిగతా గంట నీకు తిరిగిచ్చేస్తారు."

"మధ్యలో పోతేనో?"

"పోయేంత టైమ్ ఉండదు."

అని ఊరుకోలేదు, తనూ టికెట్ కొనుక్కుని నా పక్క సీట్లో కూర్చున్నాడు.

నేను ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని కళ్లు మూసుకున్నాను. ఇంకా నలభై, ఇంకా ఇరవై, ఇంకా పది అని చెవిలో చెబుతూనే ఉన్నాడు. ఆ పదీ అయిపోయింది. విమానం దిగలేదు. ఓ పక్కకి ఒరిగి గుండ్రంగా తిరగసాగింది. మైకులో ఎవరో ఏదో గొణిగారు, టోపీలోంచి నాకు ఒక్క ముక్కా అందలేదు. అతని చేతిలో గోళ్లు దించాను.

"ఏమైంది తోరాల్ఫ్? గంటా పదిహేను దాటిపోయింది."

మైకు వైపు చూశాడు, నా మొహం చూశాడు.

"నాదే పొరపాటు. అబర్డీన్ అంటే గంటా నలభై ఐదు. వేరే ఊరి లెక్క చెప్పేశాను."

నా భయమంతా కోపమైపోయింది. ఇన్నాళ్లూ మా సూపు చల్లారబెట్టింది ఈ తెలివితోనేనా అని మొదలుపెట్టి, పాస్టర్ గారి సంగతి దాకా ఏకరువు పెట్టాను. పాపం, తల వంచుకుని పడ్డాడు. నా తిట్లు అయ్యేసరికి చక్రాలు నేలని తాకాయి.

బయట సిగ్రున్ నన్ను వాటేసుకుంది. పొగమంచులో దిగే వీల్లేక మీ విమానం అరగంట చక్కర్లు కొట్టిందనీ, పైలట్ మీకు చెప్పే ఉంటాడనీ ఫెర్గస్ అన్నాడు. వెనక్కి తిరిగి చూశాను. తోరాల్ఫ్ తన సంచీ పట్టీ సరిచేసుకోవడంలో మునిగిపోయి ఉన్నాడు.

పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. తిరుగు ప్రయాణంలో టోపీ సంచీలో పడేశాను. బెర్గెన్‌లో చక్రాలు నేలని తాకగానే గడియారం చూస్తే సరిగ్గా గంటా పదిహేను. తోరాల్ఫ్ కిటికీలోంచి వాన చూస్తున్నాడు.

"గాలి వెనకనుంచి తోసింది," అన్నాడు ఇటు తిరక్కుండానే.

"అవును, అరగంట తోసింది," అన్నాను.