చాలు అనని మధ్యాహ్నం

నా చిన్నప్పుడు మా ఇంటికి జనం చెంబులు పట్టుకుని పాల కోసం వచ్చేవాళ్లు. ఇప్పుడు వచ్చేవన్నీ అట్టపెట్టెలే. హుస్సేనీ ఆలంలో మా గల్లీ ఎంత సన్నదంటే ఎదురుగా స్కూటర్ వస్తే గోడకు అతుక్కుని నిలబడాలి. ఆ గల్లీలోకి రోజుకు మూడుసార్లు పెట్టెలు మోసుకొచ్చేవాళ్లు దారి తెలియక నాకే ఫోన్ చేస్తారు. విప్పిన పది నిమిషాలకు ఇంట్లోవాళ్లకు అందులో ఏమొచ్చిందో గుర్తుండదు. అది కొనడానికి మాత్రం ఆదివారాలు కూడా కంప్యూటర్ ముందు కూర్చుని పని చేస్తారు. ఎందుకర్రా అంటే "నీకు తెలియదులే" అంటారు. నాకు తెలియకపోవడమేమిటి, నా తలకాయ! ఆ బుద్ధితక్కువ పని నేను పదేళ్ల వయసులోనే చేశాను.

మాది పాల వ్యాపారం చేసే ఇల్లు. పురానాపూల్ దగ్గర మాకు ఒక కొట్టం ఉండేది, అందులో నాలుగు బర్రెలు. నేను చెప్పే రోజుల్లో పాలిచ్చేది మాత్రం ఒక్కటే. వాటి ఆలనాపాలనా మా తాతయ్యది. మా నాన్న పగలంతా ఒక సర్కారు కార్ఖానాలో డ్యూటీ చేసి, సాయంత్రం నేరుగా కొట్టానికి వచ్చి, పాలక్యాను సైకిల్‌కు తగిలించుకుని చార్మినార్ వైపు ఒక చాయ్ హోటల్‌కు పాలు పోసి వచ్చేవాడు. ఇంటికి చేరాక కంచం ముందు కూర్చునే కునుకు తీసేవాడు. చేతిలో రొట్టెముక్క అలాగే ఉండేది.

పాలు పిండడానికి ఒక పద్ధతి ఉంది. ముందు దుడ్డెను తల్లి దగ్గరికి వదలాలి. అది కాసేపు తాగితేనే బర్రె చేపుతుంది, పాలు పొదుగులోకి దిగుతాయి. అప్పుడు దుడ్డెను లాగి పక్కన కట్టేయాలి. ఆ లాగి కట్టే పని నాది. తాతయ్య మూడు చన్నులే పిండేవాడు. నాలుగోది దుడ్డె కోసం వదిలేసేవాడు. ఆయన తండ్రి కూడా అంతేనట. ఇంట్లో దాన్ని గురించి ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు, పొద్దున లేస్తే ముఖం కడుక్కున్నంత మామూలుగా జరిగిపోయేది.

ఆ రోజుల్లోనే మా గల్లీలోకి మొదటి టీవీ వచ్చింది. చెక్కపెట్టెలో, దానికి తలుపులు కూడానూ. పిల్లలమంతా ఆ ఇంటి కిటికీ చువ్వలు పట్టుకుని వేలాడేవాళ్లం. ఒకరోజు ఆ ఇంటావిడ సరిగ్గా నా ముఖం మీదే కిటికీ వేసేసింది. నేను ఏడుస్తూ వచ్చి నాన్నకు చెప్పాను.

"హోటలోళ్లు ఇంకిన్ని పాలు పొయ్యమంటున్రు బిడ్డా. పోస్తే దసరాకు మనింట్ల గూడ టీవీ వస్తది. ఫికర్ జెయ్యకు" అన్నాడు నాన్న.

అంతే, మర్నాటి నుంచి నేను దుడ్డెను రెండు గుక్కలు తాగగానే లాగేయడం మొదలుపెట్టాను. నన్నెవరూ అలా చేయమనలేదు. పొద్దున డ్యూటీకి వెళ్లేముందు పాలు పిండే నాన్న కూడా నాలుగో చన్ను ముట్టడం మొదలుపెట్టాడు. నెల తిరిగేసరికి దుడ్డె పక్కటెముకలు పైకి తేలాయి. తాతయ్య అంతా చూస్తూనే ఉన్నాడు. చూస్తూ ఊరుకోవడం ఆయనకు ఒక రోగం. ఆ మొదటి రోజే నా వీపు మీద ఒకటి వేసి ఉంటే ఎంత బాగుండేదో.

ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చి కొట్టానికి వెళ్లాను. తాతయ్య నన్ను బర్రె పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఇయ్యాల ఎన్ని పాలు గావాల్నో నువ్వే జెప్పు బిడ్డా. నువ్వు చాలనేదాక పిండుత" అన్నాడు.

నాకు మస్తు సంబరమైంది. ఒక చన్ను అయింది, రెండోది అయింది, మూడోదీ అయింది. తాతయ్య చేయి ఆపి నా వైపు చూశాడు. నేను గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాను. ఆయన చేయి నాలుగోదాని మీదికి వెళ్లింది. నా నోటి నుంచి మాట రాలేదు. రాలేదని అబద్ధమెందుకు, నేనే రానివ్వలేదు. సన్నటి దారంలా వచ్చి అదీ ఆగిపోయింది. బర్రె కాలు ఎత్తి దించింది.

"ఇంక పిండాల్నా?" అని అడిగాడు.

నేను తల ఊపాను! ఒట్టిపోయిన చన్నులను చూస్తూ, పిండమని తల ఊపాను. ఇన్నేళ్లయినా ఆ ఊపిన తల తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

తాతయ్య లేచి దుడ్డె పలుపు విప్పాడు. అది పరుగెత్తుకొచ్చి మొదటి చన్ను పట్టుకుంది, వదిలేసి రెండోది పట్టుకుంది. నాలుగూ అయ్యాక తలతో పొదుగును పొడిచింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. చివరికి తల్లిని వదిలేసి నా దగ్గరికి వచ్చి, నా కుడిచేతి రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని చీకసాగింది. గరుకు నాలుక. ఏమీ రావడం లేదు, అయినా ఆశగా చీకుతూనే ఉంది. నాకు ఏడుపు ఆగలేదు.

"చాలు తాతా, చాలు" అన్నాను.

"గిప్పుడా?" అన్నాడు తాతయ్య. పాలగిన్నె నా ముందుకు జరిపాడు.

గిన్నెలో మూతి పెట్టి తాగడం దుడ్డెకు తెలియదు. పాలలో వేళ్లు ముంచి నోటికి అందిస్తూ ఉండాలి. అలా ముంచుతూ అందిస్తూ ఉంటే గిన్నె సగానికి వచ్చింది. ఇంతలో డ్యూటీ దిగి నాన్న వచ్చాడు.

"ఏందిది, గింతేనా పాలు? హోటలాయనకు నా మొహమెట్ల జూపియ్యాలె?" అని అరిచాడు.

"నేనే తాపిన బాపు. దుడ్డె సచ్చిపోతది" అన్నాను. టీవీ వద్దని మాత్రం అనలేదు. అంత మంచిదాన్నేం కాదు.

"మీ కోసమే గద నేను గిట్ల సచ్చేది!" అన్నాడు నాన్న.

"నిన్నెవరు సావమన్నరు రా? కూసో జర" అన్నాడు తాతయ్య.

నాన్న విసురుగా కూలబడ్డాడు. దుడ్డె ఆయన దగ్గరికి వెళ్లి చొక్కా అంచు నోట్లో పెట్టుకుంది. కాసేపటికి ఆయనే పాలలో వేళ్లు ముంచి దానికి అందించాడు. కితకితలు పెట్టినట్టయిందేమో, గట్టిగా నవ్వాడు. మా నాన్న అలా నవ్వుతాడని నేను మరిచేపోయాను. ఆ రోజు హోటల్‌కు పాలు పోలేదు, చార్మినార్ కూలిపోలేదు. ముగ్గురం వెలుతురుండగానే ఇంటికి నడిచాం. నాన్న కునుకు తీయకుండా వేడివేడి రొట్టెలు తిన్నాడు.

టీవీ ఆ మరుసటేడు వచ్చింది. అందులో ఏం చూశానని అడిగితే ఒక్కటీ గుర్తులేదు.

పెద్దయ్యాక నేనూ ఒక సర్కారు ఆఫీసులో చేరాను. సాయంత్రం లేవబోతుంటే ఇంకో ఫైలు బల్ల మీద పడేది. కొన్నిసార్లు "చాలు సార్, మిగతాది రేపు" అని లేచి వచ్చాను. ఎక్కువసార్లు లేవలేదు. ప్రమోషన్ అన్నారు, కొత్త ఫ్రిజ్ అనుకున్నాను, కూర్చుండిపోయాను. అలా కూర్చుండిపోయిన ఒక రోజు ఇంటికి వచ్చేసరికి నా మూడేళ్ల కూతురు గడప మీదే నిద్రపోయి ఉంది, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని చీకుతూ. ఆ వేళ్లు మెల్లగా బయటికి తీస్తుంటే తాతయ్య పక్కనే నిలబడి "గిప్పుడా?" అని అడిగినట్టయింది. ఆయన అలా అడగకముందే లేవడం ఈ వయసులో కూడా నాకు పూర్తిగా చేతకాలేదు.