కుడివైపు అంటే ఎటు?

మా అన్నయ్య పాత కారు ఇంజనుతో ఒక్కరు కూర్చునే విమానం కట్టాడు. మర్నాడు పొద్దున్నే నేల మీద పరిగెత్తించి, బాగుంటే గాల్లోకి లేపుతానన్నాడు. ముక్కున తిరిగే పంకాను పట్టి ఉంచే ఇరుసు, నట్టు మాత్రం ఎల్బీనగర్‌లో లేతు పని చేసే యాదగిరి దగ్గరున్నాయి. తెలంగాణ ఉద్యమం రోజులు. అన్నయ్యకు నోటి దురుసు, దారిలో ఎవరితోనైనా తగువు పెట్టుకుంటాడని నేనే బయలుదేరాను.

అయిదున్నరకు విజయవాడలో బస్సెక్కాను. పదిన్నరకు పెద్ద అంబర్‌పేట్‌లో ఆగిపోయింది, ముందు రాస్తారోకో. షేర్ ఆటోలో వనస్థలిపురం దాకా ముప్ఫై రూపాయలు. నా యాస బయటపడుతుందని నోరు విప్పలేదు. పక్కనున్నావిడ "యాడికి పోతున్నవమ్మా?" అంటే చేత్తో ముందుకు చూపించాను. మూగదాన్ననుకుని జాలిపడి జామకాయ ఇచ్చింది. సిగ్గేసింది, అయినా తిన్నాను.

అక్కణ్ణుంచి నడక. పన్నెండింటికి చేరేసరికి యాదగిరి షట్టరు సగం దించి ఉన్నాడు.

"జల్ది తీస్కపో అక్కా, బంద్ చేయిస్తున్నరు."

అతనిచ్చిన పొట్లం విప్పి, నట్టును ఇరుసు మీద తిప్పి చూశాను. టేబుల్ ఫ్యాను నట్టులా ఎడమకు బిగుస్తోంది. పంకా తిరిగే దిక్కుకు ఎదురుగా నట్టు బిగుసుకోవాలి, లేకపోతే తిరిగేకొద్దీ వదులవుతుంది. నెలల తరబడి మా ఇంట్లో ఇదే చర్చ.

"ఇది తిరగబడిందేంటండీ?"

"మీ అన్న ఫోన్ల పంకా కుడివైపు తిరుగుతదన్నడు గదా. ముంగట నిల్సి చూస్తె కుడి గిట్లనే."

"వాడు సీట్లో కూర్చుని, వెనక నుంచి చూసి చెప్పాడు. ముందు నుంచి చూస్తే అది ఎడమకు తిరుగుతుంది."

అతను గాల్లో వేలు తిప్పి చూసుకున్నాడు. ముఖం పాలిపోయింది. "కార్ల పని చేసేటోళ్లం. ఇంజన్‌ని ముంగటి నుంచే చూస్తం," అన్నాడు. నట్టెక్కే చుట్లు, అదే మర, ఇంకా కోయని ఇరుసు ఇంకొకటుంది. లేతు ఆన్ చేశాడు.

ఆ చప్పుడుకు నలుగురు వచ్చి షట్టరు బాదారు. "బంద్ అని తెల్వదా?" వాళ్లలో పెద్దాయన నన్ను చూశాడు. "ఏ ఊరు మీది?"

"విజయవాడండీ. రేపు మా అన్నయ్య విమానమెక్కుతాడు. మర తప్పు పడింది. ఇది ఊడితే మనిషి మిగలడు."

ఆయన యాదగిరి వైపు చూశాడు. యాదగిరి తలూపాడు.

"రెండు గంటలు. గంతే." షట్టరు పూర్తిగా దించి, బయట మెట్టు మీద ఆయనే కాపలా కూర్చున్నాడు.

రెండింటికి కొత్త నట్టు కుడికి బిగిసింది. నాలుగింటికి రోడ్డు తెరిచాక దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చే విజయవాడ బస్సు దొరికింది. ఆ దారిన వెళ్లేవాళ్లకు నేను చెప్పేదొక్కటే: యాసకు భయపడి నోరు మూసుకోకండి. నేనా పొట్లం మాట్లాడకుండా తీసుకుని ఉంటే అన్నయ్య ఉండేవాడు కాదు.

చౌటుప్పల్ దాటాక వాడే ఫోన్ చేశాడు. "కుడివైపుకేగా చేశాడు?"

"ఎక్కణ్ణుంచి చూస్తే, అన్నయ్యా?"