చక్రాలు ఎత్తే పిడి

తెలంగాణ కోసం సమ్మె మొదలయ్యాక సిరిసిల్లలో మరమగ్గాలు సరిగా ఆడలేదు. బొగ్గు రాక కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటార్లు కాలవు, మోటార్లు కాలకపోతే మాకు పని లేదు. మా ఆయనా నేనూ కాలిపోయిన మోటార్లకు మళ్ళీ తీగ చుట్టే దుకాణం నడిపేవాళ్ళం. పని ఉన్నప్పటి కంటే లేనప్పుడే ఒళ్ళు ఎక్కువ అలిసిపోయేది. అలాంటి రోజుల్లో కోరుట్ల నుంచి అన్న ఫోన్ చేశాడు.

"చెల్లె, పనేం లేదు గద. ఒక్కసారి అచ్చిపో. సోల్డరింగ్ సామాను తెచ్చుకో."

"ఏం కరాబైంది?"

"అచ్చినంక సూద్దువు."

మా నాయన రుద్రంగిలో ఒకరి పొలాల్లో కూలి చేసేవాడు. అన్న చదువుకుని వైమానిక దళంలో చేరాడు. నౌకరీ అంతా విమానాల చక్రాలు విప్పడం, బిగించడం. రిటైరయ్యాక వదినె వాళ్ళ ఊరు కోరుట్లలో ఇల్లు కట్టుకున్నాడు. ఈ మధ్య చేతులు వణుకుతున్నాయి. ఏ మందూ పనిచేయడం లేదు.

బస్సులు లేవు. వేములవాడ దాకా ఒక ఆటో, అక్కడి నుంచి రుద్రంగికి ఇంకోటి. రుద్రంగిలో సమ్మెకు మద్దతుగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నారు. మా వాడకట్టు పెద్దమ్మ ఒకామె నన్ను గుర్తుపట్టి, "బిడ్డా, కూసో, తిని పో" అని విస్తరి వేసింది. తెలంగాణ రావాలని వాళ్ళకెంత ఉందో నాకూ అంతే ఉంది. కానీ ఆ పూట నాకు కావలసింది కాళ్ళు చాపుకోవడానికి కాస్త చోటు. నినాదాల మధ్య తిన్నాను. కోరుట్ల చేరేసరికి పొద్దుగూకింది.

అన్న బల్ల మీద పాత పేపర్ పరిచి ఒక లోహపు దిమ్మ పెట్టాడు. అందులోంచి ఒక పిడి బయటికి వచ్చి ఉంది. పిడి కొసకు చిన్న చక్రం ఆకారంలో గుండీ. పాత శిక్షణ విమానాన్ని విప్పి తుక్కు కింద అమ్మినప్పుడు కొని దాచుకున్నాడట. పిడి పైకెత్తితే విమానం చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి, కిందికి దించితే బయటికొస్తాయి. కూతురు వదిలేసి వెళ్ళిన కంప్యూటర్లో విమానం నడిపే సిమ్యులేటర్ ఎక్కించుకున్నాడు. దానికి ఈ పిడి తగిలించాలి.

"సర్వీసంత చక్రాల కిందనే కూసున్న," అన్నాడు. "ఒక్కసారన్న సీట్ల కూసోని నేనే ఎత్తాలె."

వదినె టీ గ్లాసులు పెడుతూ, "మిక్సీ కరాబై ఎన్నొద్దులాయె, దాని దిక్కు సూడడు. దీనికైతె సిరిసిల్ల నుంచి నువ్వు రావాల్నట," అంది. నాకూ అలాగే అనిపించింది.

పిడిని కంప్యూటర్‌కు కలిపే సామాను కోసం మర్నాడు జగిత్యాల వెళ్ళాను. అక్కడా బందే. ఒక కంప్యూటర్ దుకాణం అతను సగం షట్టరెత్తి, కంప్యూటర్ ఆటల్లో విమానాన్ని తిప్పే కర్ర, పాత జాయ్‌స్టిక్ ఒకటి ఇచ్చాడు.

"పిల్లలకా అక్కా?"

"మా అన్నకు."

పిడి లోపల గ్రీజు రాయిలా గట్టిపడింది. కిరోసిన్లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. లోపలి రెండు చిన్న స్విచ్చులు చిలుము పట్టి పనికిరాకుండా పోయాయి. కొత్తవి వేసి, వాటి తీగలను జాయ్‌స్టిక్‌లోని రెండు బటన్ల దగ్గర అతికించాను. కరెంటు వచ్చినప్పుడు అతికించడం, పోయినప్పుడు గోడకానుకుని కూర్చోవడం. స్ప్రింగ్ ఒకటి తుప్పు పట్టి విరిగింది. చక్రం గుండీని ముందుకు లాగితేనే పిడి కదిలేలా పట్టి ఉంచేది అదే. నేను మెత్తటి స్ప్రింగ్ వేశాను.

అన్న గుండీ పట్టి లాగాడు. సులువుగా వచ్చింది. అతని ముఖం మారింది.

"గిది కాదు. గట్టిది వెయ్యి."

"నీ చేతులతోని గట్టిది గుంజరాదన్నా."

"గట్టిగ ఎందుకుంటదో తెలుసా? నేల మీదున్నప్పుడు చెయ్యి తాకి లేసిందనుకో, చక్రాలు ముడుచుకుంటయి. విమానం పొట్ట మీద పడుతది."

"గిది కంప్యూటరే అన్నా. ఎవ్వలు పడరు, ఎవ్వలు సావరు."

అన్న వణుకుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ఇంక వాదించే ఓపిక నాకు లేదు. మెత్తటిది తీసి గట్టిది వేశాను.

మధ్యాహ్నం కరెంటు వచ్చింది. తెర మీద రన్‌వే కనిపించింది. అన్న విమానాన్ని నేల మీంచి లేపాడు, పిడి మీద చెయ్యి వేశాడు. గుండీ కదల్లేదు. జాయ్‌స్టిక్ వదిలి రెండు చేతులా లాగబోయాడు. విమానం పక్కకు ఒరిగి కూలిపోయింది. మళ్ళీ లేపాడు, మళ్ళీ అంతే. వదినె గడపలో నిలబడి చూస్తోంది. మెత్తటి స్ప్రింగ్ నా ఒడిలోనే ఉంది.

చివరికి అన్నే అన్నాడు, "చెల్లె, గీ కర్ర నువ్వు పట్టుకో. సక్కగ పట్టుకో, సాలు."

విమానాన్ని ఆకాశంలో తప్ప ఎక్కడా చూడనిదాన్ని, రెండు చేతులా జాయ్‌స్టిక్ పట్టుకున్నాను. రన్‌వే కిందికి జారింది. అన్న రెండు చేతులతో గుండీని లాగి, పిడి పైకెత్తాడు. టక్కుమంది. తెర మీది మూడు పచ్చ దీపాలు ఎర్రబడి, తర్వాత ఆరిపోయాయి.

"ముడుచుకున్నయి," అన్నాడు మెల్లగా. చెమట తుడుచుకోలేదు. కింద పొలాలు చిన్నవవుతూ కనబడ్డాయి. ఇంతలో కరెంటు పోయింది.

సమ్మె అయిపోయాక మా దుకాణం ముందు మోటార్లు కుప్పపడ్డాయి. కోరుట్ల మళ్ళీ వెళ్ళలేకపోయాను. కర్ర పట్టుకునేవాళ్ళు లేక అన్న ఊరికే కూర్చుని ఉంటాడన్న బెంగతో ఒకరోజు ఫోన్ చేశాను.

"మీ వదినె పట్టుకుంటది," అన్నాడు. "ఎడమకు తిప్పుడు ఇంక రాలె. నిన్న రెండు సార్లు చెరువుల పడ్డం."

వెనక నుంచి వదినె ఏదో అంటోంది, అన్న నవ్వుతున్నాడు. నేను లేకుండా కూడా ఆ పని సాగుతున్నందుకు కొంచెం చిన్నబుచ్చుకున్నాను, కొంచెం నిమ్మళమైంది. ఫోన్ పెట్టేసి సగం చుట్టిన మోటారు ముందు కూర్చున్నాను. ధ్యాస కోరుట్లలోనే ఉండి, ఆ రోజు తీగ రెండుసార్లు తెగింది.