ఎదురింటి ఆంటీ, ఆమె రెండు కుక్కలు

మా ఎదురు ఫ్లాట్ ఆంటీ పోయారు. రాజధానిలో ద్వారక వైపున్న మా అపార్ట్‌మెంట్ సొసైటీ వాట్సాప్ గ్రూపులో ఆ కబురు రాగానే చాలామంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఒకరు మాత్రం, "మరి ఆ కుక్క సంగతేంటి?" అని హిందీలో అడిగారు. ఏ కుక్క అని ఎవరూ తిరిగి అడగలేదు. ఆంటీకి రెండు కుక్కలుండేవి. మా టవర్‌లో అందరూ భయపడేది రెండోదానికే.

ఆంటీది విజయనగరం వైపు. అంకుల్ సైన్యంలో కుక్కలకు శిక్షణ ఇచ్చే విభాగంలో పనిచేశారు. కంటోన్మెంట్ నుంచి కంటోన్మెంట్‌కి తిరిగి తిరిగి చివరికి ఇక్కడ ఇల్లు కొనుక్కున్నారు. నేనూ మా ఆయనా ఎదురు ఫ్లాట్‌లో దిగేసరికే అంకుల్ లేరు. నేను లిఫ్ట్ దగ్గర మా అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే ఆంటీ తలుపు తీసి, "తెలుగోళ్లా? రండమ్మా, టీ పెడతాను" అన్నారు. ఫోన్ పెట్టేదాకా కూడా ఆగలేదు.

లోపల సోఫా పక్కన రెండు జర్మన్ షెపర్డ్‌లు. ఒకే జాతి అంటే నేను నమ్మలేదు. ఒకటి నలుపూ ఎరుపూ కలిసిన నిగనిగలాడే బొచ్చుతో, వీపు వెనక్కి వాలి, నిలబడితేనే ఫొటో దిగుతున్నట్టుండేది. దాని పేరు రాణి. రెండోది బూడిద రంగు, తిన్నని వీపు, సన్నని మొహం. చూస్తే తోడేలనిపిస్తుంది. దాని పేరు చిట్టి.

"ఇది చూడ్డానికి పెంచిన వంశం, అది పనికి పెంచిన వంశం" అన్నారు ఆంటీ బిస్కెట్ల ప్లేటు జరుపుతూ. "ఎప్పుడో ఒకే తల్లి బిడ్డలు. ఒకళ్లు నడకా రంగూ చూసి జత కట్టించుకుంటూ పోయారు, ఒకళ్లు ముక్కూ మొండితనం చూసి కట్టించుకుంటూ పోయారు. ఇప్పుడు వీటికి ఒకదాని సంగతి ఒకదానికి తెలీదు."

పెళ్లయిన దగ్గర్నుంచి అంకుల్‌తో ఆమెకు ఈ విషయం మీదే పోట్లాట. ఆంటీ షో కుక్కల్ని పెంచి పోటీలకు తీసుకెళ్లేవారు. "నీ కుక్కలు అద్దం ముందు నిలబడ్డానికే" అనేవారట ఆయన. "మీ కుక్కల మొహాలు చూస్తే అన్నం సహించదు" అనేవారట ఈమె. ఆయన పోయాక, ఆయన స్నేహితుడి దగ్గరికి వెళ్లి చిట్టిని పిల్లగా ఉన్నప్పుడే తెచ్చుకున్నారు.

"ఆయన ఉన్నన్నాళ్లూ ఆయన మాట నేను ఒప్పుకోలేదు. ఒప్పుకుందామనుకునేసరికి ఆయన లేరు. అందుకని తెచ్చుకున్నాను" అన్నారు ఓసారి, చిట్టి చెవి నిమురుతూ. రాణికి అప్పటికే వెనక కాళ్ల కీళ్లు పట్టేశాయి. "ఆ వాలు వీపు అందంగా ఉందని మేమే ఏరి ఏరి తెచ్చుకున్నాం. ఆ అందం మోయడానికి దానికి తుంటి చాలడం లేదు" అని దాన్ని ఎత్తి కారులో కూర్చోబెట్టేవారు.

అంకుల్ నేర్పినట్టే ఆంటీ చిట్టికి మనుషుల్ని వెతకడం నేర్పారు. నా చున్నీ వాసన చూపించి, నన్ను కింద పార్కింగ్‌లో ఏ స్తంభం వెనకో దాక్కోమనేవారు. అది మొరిగేది కాదు. చప్పుడు లేకుండా వచ్చి ఎదురుగా కూర్చునేది. కూర్చుని కళ్లు ఆర్పకుండా చూసేది. ఆట అని తెలిసినా నాకు ఒళ్లు జలదరించేది. ఆంటీ వచ్చి "శభాష్, ఇక లే" అన్నాకే లేచేది.

ఒక జనవరి ఉదయం పొగమంచు పార్కులో బెంచీల్ని కూడా మింగేసింది. నేనూ ఆంటీ చిట్టిని తిప్పుతుంటే మొదటి అంతస్తు పంజాబీ అంకుల్ నడకకి వచ్చారు. చిట్టి పట్టీ లాక్కుని వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుంది. "అరే, క్యా హువా బేటా?" అని ఆయన నవ్వి జేబులోంచి బిస్కెట్ తీశారు. అది బిస్కెట్ వైపు చూడలేదు. ఆంటీ పిలిచారు. రాలేదు. ఆమె పిలిస్తే అది రాకపోవడం నేను చూడటం అదే మొదలు.

ఆంటీ మొహం పాలిపోయింది. "భాయీ సాబ్, ఒకసారి డాక్టర్‌కి చూపించుకోండి" అన్నారు హిందీలో. ఆయన మళ్లీ నవ్వారు. హోలీ రాకముందే పోయారు. కడుపులో జబ్బు ఎప్పట్నుంచో ఉందట, ఆయనకే తెలియదట.

"ఇది నేను దానికి నేర్పలేదే అమ్మాయ్" అన్నారు ఆంటీ, ఆ కబురు విన్న సాయంత్రం. గొంతు బాగా తగ్గించారు, అది వింటుందేమోనన్నట్టు. "దాని అమ్మమ్మకి వచ్చేమో, ముత్తవ్వకి వచ్చేమో. పని కోసం పెంచిన రక్తం. అందులో ఏమేం దాచిపెట్టి ఉన్నాయో పెంచినవాళ్లకీ తెలీదు."

పార్కులో జరిగింది ఎవరు చూశారో, సొసైటీ అంతా పాకింది. చిట్టి లిఫ్ట్‌లో ఉంటే ఎవరూ ఎక్కేవారు కాదు. తల్లులు పిల్లల్ని వెనక్కి లాక్కునేవారు. ఒక ఆదివారం మీటింగ్ పెట్టారు. "ఆంటీజీ, రాణీ తో హమారీ జాన్ హై" అంది ఒకామె, రాణి అంటే మాకు ప్రాణం అని. ఆ రెండోదాన్ని మాత్రం ఎక్కడికైనా పంపించేయమంది.

"కబురు చెడ్డదని కబురు తెచ్చినవాళ్లని వెళ్లగొడతారా?" అన్నారు ఆంటీ. అయినా చిట్టిని లిఫ్ట్ ఎక్కించకూడదని తీర్మానించారు. ఆ మర్నాటి నుంచి, మోకాళ్ల నొప్పులు పెట్టుకుని, ఆమె చిట్టితో మెట్లే ఎక్కారు, మెట్లే దిగారు.

నేను వాళ్లలా కాదనుకునేదాన్ని. ఒక పొద్దున ఆఫీసుకి బయలుదేరి లిఫ్ట్ కోసం నిలబడ్డాను. ఆంటీ తలుపు తీశారు. చిట్టి వచ్చి నా కుర్తా అంచు వాసన చూసింది. తల పైకెత్తింది. కూర్చుంది.

లిఫ్ట్ వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. "ఆంటీ" అన్నాను.

ఆమె దగ్గరికొచ్చి నా నుదుటి మీద చెయ్యి వేశారు.

"ఒంట్లో ఏమైనా నలతగా ఉందా?"

"లేదు."

"నెల తప్పిందా?"

నేను మనసులో లెక్కపెట్టుకోవడం చూసి ఆమె గోడకి ఆనుకుని కిందనే కూర్చుండిపోయారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు. "శభాష్ చిట్టీ, శభాష్. ఇక లే" అన్నారు. అది లేచి నా చేయి నాకింది.

నాకు పాప పుట్టాక, ఒళ్లో వేసుకుని ఆంటీ ఒక మాటన్నారు. "దానికి మంచీ చెడూ తెలీదే. నువ్వు మారావని చెప్పింది, అంతే. భయపడేది మనం." ఆ మాట నేను సొసైటీలో చాలామందికి చెప్పి చూశాను. ఊఁ కొట్టి, మెట్ల దగ్గర చిట్టి కనబడితే ఎప్పటిలాగే దూరంగా జరిగి నడిచారు.

పాప బోర్లాపడే రోజుల్లో, ఒక మధ్యాహ్నం పులిహోర గిన్నె పట్టుకుని ఆంటీ ఇంటికి వెళ్లాను. ఆమె కేన్ కుర్చీలో ఉన్నారు. రాణి ఆమె పాదాల మీద తలపెట్టి గురక పెడుతోంది. చిట్టి ఎదురుగా కూర్చుని ఉంది.

గిన్నె ఎక్కడ పెట్టానో గుర్తులేదు. "ఎప్పట్నుంచి?" అన్నాను.

"పొద్దున్నుంచి." నా మొహం చూసి నవ్వారు. "ఈ వయసులో నాకు పాప పుట్టదు కదే."

నేను నవ్వలేకపోయాను. ఆమె వంగి దాని తల మీద చెయ్యి వేసి, "శభాష్. చెప్పేశావు కదా, ఇక లే" అన్నారు. అది లేవలేదు. ఇంకోసారి అన్నారు. లేవలేదు.

పరీక్షల్లో జబ్బు బయటపడింది. ముదిరిపోయింది కానీ, ఆ మాత్రమైనా ముందు తెలిసింది కాబట్టి కొంత వ్యవధి దొరికింది. సరిహద్దులో పోస్టింగ్‌లో ఉన్న కొడుకు సెలవు పెట్టి వచ్చాడు. తల్లీకొడుకులు చాలా ఏళ్ల తర్వాత ఒకే ఇంట్లో పొద్దున్న టీ తాగారు. "ఇది చిట్టి ఇచ్చింది" అనేవారు ఆమె.

రాణి ఎలా ఎక్కేదో, ఆ కీళ్లతో మంచమెక్కి ఆమె పక్కనే పడుకునేది. చిట్టి మంచం ఎదురుగా నేల మీద. తిండికీ బయటికీ తప్ప లేచేది కాదు. చూపు మరల్చేది కాదు. కొడుకు రెండుసార్లు దాన్ని బాల్కనీలో కట్టేశాడు. అద్దం తలుపు అవతల కూడా అలాగే కూర్చుంది.

"కట్టేయకురా, దాని పని అది చేస్తోంది" అన్నారు ఆంటీ. రాణి బొచ్చులోకి వేళ్లు పోనిచ్చి నాతో, "ఇది ఏమీ కనిపెట్టదు. పక్కన పడుకుంటుంది, అంతే. నాకిప్పుడు అదే హాయిగా ఉంది. మీ అంకుల్ ఉంటే ఈసారి నేను గెలిచేదాన్ని" అన్నారు.

ఆమె పోయిన రోజు మధ్యాహ్నం కొడుకు ఒక చేయి, నేను ఒక చేయి పట్టుకుని ఉన్నాం. ఆమె నిద్రపోతున్నారనే అనుకుంటున్నాం. అప్పుడు చిట్టి లేచింది. ఒళ్లంతా ఒకసారి విదిలించుకుంది. వంటింట్లోకి వెళ్లి గిన్నెలో నీళ్లు తాగడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు విని కొడుకు తలెత్తి నా వైపు చూశాడు. ఇద్దరం ఆ తర్వాతే ఆమె మొహంలోకి చూశాం.

కార్యక్రమాలు అయ్యాక అతను తిరిగి డ్యూటీకి వెళ్లిపోయాడు. కుక్కలు రెండూ మా ఇంటికొచ్చాయి. బయటికి తీసుకెళ్లినప్పుడల్లా రెండూ ఆ తాళం వేసిన తలుపు దగ్గర ఆగేవి. చిట్టి తలుపు కింది సందులో ముక్కు పెట్టి దీర్ఘంగా పీల్చేది. లోపల ఆమె చీరలు, దిండు, కేన్ కుర్చీ అలాగే ఉన్నాయి. వాటి వాసన అందుతున్నన్నాళ్లూ దానికి ఆమె ఇంకా లోపలే ఉన్నట్టు లెక్క. నాకూ ఆ గుమ్మం దాటుతుంటే అలాగే ఉండేది.

నిన్న పొద్దున రాణి ఎప్పటిలాగే ఆ తలుపుకి చేరగిలబడి, ఎర్రటి బొచ్చంతా గుమ్మం మీద పరుచుకుని పడుకుంది. పిలిచినా రాలేదు. చిట్టి ఆ తలుపు ముందు నుంచే నడిచింది. ఆగలేదు. తల కూడా తిప్పలేదు. మెట్ల దగ్గరికి వెళ్లి, మేం వస్తామని అక్కడ నిలబడింది.