డాక్టరమ్మ దాచిన ఎనిమిది నెలలు

మా ఆవిడ పోయి ఇరవై రెండు రోజులైంది. నరసరావుపేటలో డాక్టరమ్మ అంటేనే ఆమెను గుర్తుపడతారు. రొమ్ము జబ్బుల మీద పాతికేళ్ళు పనిచేసింది, పేపర్లు రాసింది. రొమ్ము క్యాన్సర్‌తోనే పోయింది. పత్రికల్లో వచ్చిన నివాళుల్లో ఆమె పరిశోధనను ఏయే దేశాలవాళ్ళు ఉదహరించారో ఉంది. నేను రాసేది వాటిలో లేనిది.

ఆమెది పట్నం పుట్టుక. నాది రైతుల ఇల్లు. కాలేజీలో కామర్సు చెప్పేవాణ్ణి. పెళ్ళైన కొత్తలో ఒక సాయంత్రం ఓపీ నుంచి విసుగ్గా వచ్చింది. "గడ్డ ఎప్పుడు చూసుకున్నావమ్మా అంటే ఒక్కరూ నెల చెప్పరు" అంది. ఆ రోజు ఒక ముసలామె ఆమెనే దబాయించిందట: "తేదీలు రాసుకోటానికి నాకేమన్నా ఆఫీసుందా తల్లీ? పత్తి మొదటి తీతప్పుడు చూసుకున్నా. నీకు పత్తి తెలవదా ఏంది?"

తెలియదు. నేను చెప్పాను. పత్తి మొదటిసారి ఏరేది నవంబరులో అని. మిరప నారు ఎప్పుడు పోస్తారు, నాట్లెప్పుడు, కోతలెప్పుడు. సాగర్ కాలువ కింద ఒక లెక్క, మెట్టలో ఇంకో లెక్క. ఇద్దరం కూర్చుని పంటల పట్టిక వేశాం. ఆడవాళ్ళు చెప్పిన పంట పనిని బట్టి ఎన్ని నెలలు ఆలస్యం చేశారో అందులో తేలేది. ఆలస్యానికి కారణం అన్న గడిలో ఎక్కువమంది మాట ఒకటే: పంట ఇంటికొచ్చాక చూద్దామనుకున్నా.

ఆ పట్టిక ఉన్న పేపరే ఆమెకు పేరు తెచ్చింది. దాన్ని ఎవరో ఎక్కడో ఉదహరించారని మెయిల్ వస్తే, "మన గట్టు మీద ఎవరో నడిచారండీ" అనేది. నా దగ్గర నేర్చిన భాషే. ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పి పొగిడితే మాత్రం నచ్చేది కాదు. "దానివల్ల ఒక్క మనిషైనా నెల ముందొచ్చిందా, అది చెప్పండి" అనేది.

ప్రతి పేపరుకూ రిఫరెన్సులు సరిచూడటం నా పని. ఆఖరి పేపరుకూ చూశాను. ఆమె పక్క గదిలో రాసుకునేది. నడుము నొప్పంటే కుర్చీ మార్పించాను.

ఒక ఉదయం మంచం మీంచి లేవలేకపోయింది. జబ్బు ఎముకల్లోకి పాకిందని స్కాన్‌లో తేలింది.

"ఎప్పుడు చూసుకున్నావు?" అన్నాను.

గోడవైపు తిరిగింది. "పత్తి మొదటి తీతప్పుడు."

నేను అడిగింది జూలైలో, ఊళ్ళల్లో మిరప నార్లు పోస్తున్నప్పుడు. నాకు పట్టిక తీయక్కర్లేదు. ఎనిమిది నెలలు.

"ఎందుకు చెప్పలేదు?"

"ఈ పేపరు పూర్తయ్యాక చూద్దామనుకున్నానండీ." ఇటు తిరిగి, "ఎవరితోనూ అనకండి. తెలిస్తే ఇక నా మాట ఎవరు వింటారు?" అంది.

మాటిచ్చాను. తర్వాత ఆమె బతికింది మూడు నెలలు. సేవ చేశాను, క్షమించలేదు. ఎనిమిది నెలలు నాతో కామాలు, పేజీ నంబర్లు దిద్దించుకుంది. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళ చేత గదమాయించి చెప్పించిన మాట, నాకు మాత్రం చెప్పలేదు.

పదమూడో రోజున ఆసుపత్రిలో సంతాపసభ పెట్టారు. వినలేక బయటికొచ్చాను. వరండాలో ముప్పాళ్ళ నుంచి వచ్చిన అత్తాకోడళ్ళు కూర్చుని ఉన్నారు. కోడలికి రొమ్ములో గడ్డట, పరీక్షకు వచ్చారు.

"లెగవే. అన్నీ తెలిసిన డాక్టరమ్మనే బతికించలా ఈ మందులు, నిన్ను బతికిస్తయ్యా? బస్సు పోద్ది, పద" అంటోంది అత్త.

"చీటీ రాయించుకున్నాం గదత్తా."

"చీటీదేముంది, చించి పారెయ్."

వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. "మందుల తప్పు లేదమ్మా. ఆమె చూపించుకోలేదు. ఎనిమిది నెలలు దాచింది."

"నువ్వెవరయ్యా?"

"ఆమె భర్తని."

ఎగాదిగా చూసింది. "నీకూ చెప్పలా?"

"నాకూ చెప్పలేదు."

"ఎంత పని చేసిందయ్యా. అంత చదువూ చదివి, మా కంటే అన్నాయంగా ఉందే!"

మా ఆవిడ పోయాక ఆమె మీద ఎవరైనా అలా కోప్పడటం అదే మొదటిసారి. నాకు కొంచెం తేలికైంది.

పెద్దామె కోడలి రెక్క పట్టుకుని లేపింది, ఓపీ గది వైపు నడిపించింది. వెళ్తూ చేతిలో సంచీ నాకిచ్చింది. "చూస్తా ఉండయ్యా, ఇప్పుడే వస్తాం."

ఆ రోజు మాట తప్పాను. ఇది రాసి మళ్ళీ తప్పుతున్నాను. ఆ రోజు వాళ్ళు వెళ్ళేసరికి, లోపల మైకులో ఆమె పేపర్ల పేర్లు ఒక్కొక్కటే చదువుతున్నారు. నేను ఆ సంచీ ఒళ్ళో పెట్టుకుని వరండా బల్ల మీద కూర్చున్నాను. అందులో అన్నం డబ్బా ఇంకా వెచ్చగానే ఉంది.