జపాను పెట్టెకు మా ఊరు వేసిన వాటాలు

ఎండుచేపలమ్మి కూడబెట్టిన డబ్బును మా అక్క దాచుకునే చెక్కపెట్టె జపానుదని పోయిన ఏడాది దాకా మాకెవరికీ తెలియదు. అక్క కాపురానికి వచ్చిన కొత్తల్లో, తుఫాను వెలిసిన తర్వాత అది ఆమె మామగారి వలకు తగిలింది. సముద్రంలో దొరికినది ఊరందరిదీ అనేది మా పులికాటు పక్క పల్లెల కట్టుబాటు. ఆనాటి పెద్దలు మూత ఎత్తి చూశారు. ఖాళీ. "పొయ్యిలోకి పనికొస్తాది, తీసకపో" అన్నారు. ఆ మాట నా చెవులతో నేను విన్నాను.

పోయిన ఏడాది మద్రాసు నుంచి పాత సామాన్ల వ్యాపారి వచ్చి, దాని ఇనుప పట్టీలు నిమిరి చూశాడు. జపాను ఓడల వాళ్లు ఇలాంటి పెట్టెల్లో డబ్బూ పత్రాలూ పెట్టుకునేవారట. ఓడ మునిగినా పెట్టె తేలుతుందట. లోపల పలక జరిపితే దొంగ అర ఒకటి బయటపడింది. అందులోనూ ఏమీ లేదు. "ఇట్లాంటి అరలు ఇంకా ఎన్ని ఉండాయో అవ్వా!" అని నవ్వి, పెట్టె తనే కొంటానని, వారంలో డబ్బు తెస్తానని వెళ్లాడు. ఆ డబ్బుతో రేకులు పీకించి స్లాబు వేయించుకోవాలని అక్క ఆశ.

వాడి వేళాకోళం, దొంగ అరల్లో బంగారం ఉందన్న పుకారై ఊరంతా పాకింది. అక్కను తన డబ్బు తీసుకోమని, పెట్టెను పంచాయితీకి మోయించారు.

"సముద్రం సొత్తు మే. నీ ఒక్కదానిది ఎట్లయిద్ది?" అన్నాడు పంచాయితీ నడిపే పెద్దకాపు.

"పొయ్యిలో పెట్టుకోమనింది మీ నాయనే గదన్నా!"

"పెట్టుకున్నావా మరి?" అన్నాడు వెనక నుంచి ఒకడు. అందరూ విరగబడి నవ్వారు.

పగలగొట్టి లోపల వెతుకుదామన్నారు. పగలగొడితే కట్టెల ధర కూడా రాదు, వ్యాపారి వచ్చేదాకా ఆగండని మొత్తుకున్నాను. బడి మొహం చూడకుండా, పొట్లాల కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి నేను. "పేపర్ల తాత లేచినాడు, కూర్చోబెట్టండిరా" అన్నారు. పెట్టె అమ్మితే వచ్చే డబ్బు ఎవరి చేతిలో ఉండాలంటే ఒకడి మీద ఒకడికి నమ్మకం లేదు. లోపలి బంగారమైతే కళ్లముందే పంచుకోవచ్చని గొడ్డలి తెచ్చారు.

బంగారం లేదు. ఇనుము పాత సామాన్ల తూకానికి పోయింది. అక్క వాటా కింద ఒక పలక విసిరారు. వ్యాపారి వచ్చి, ఆ ముక్కలు చూసి, ఆటో దిగకుండానే వెనక్కు తిప్పించాడు.

అంతటితో వదిలారా? బంగారం ముందే తీసి దాచిందన్నారు. అది తెచ్చి ఊరి ముందు పెట్టేదాకా ఆమెకు ఎవరూ చేప అమ్మకూడదని దురాయి వేశారు. లేని బంగారాన్ని ఎక్కణ్ణుంచి తెస్తుంది?

ఇప్పటికీ పడవలొచ్చే వేళకు అక్క గంప పట్టుకొని ఒడ్డున నిలబడుతుంది. అందరి గంపల్లోనూ పోసి, ఆమెను దాటిపోతారు. నిన్న సొంత మరిది కొడుకే తడి చేతులు దులుపుకుంటూ అన్నాడు:

"బంగారం ఉడకేసుకోని తిను పో, పెద్దమ్మా!"